వేరుకు తలుపులున్నాయి



ముసురు పట్టి మూడు నాలుగు రోజులు కురిసి వెలిసిన తరువాత నల్లరేగడిలో మిరప చేను ఎట్లా ఉంటుందో మీకు తెలియనిది కాదు. కాలు పెడితే పిక్కల దాకా దిగబడుతుంది. సాళ్ల మధ్య నీళ్లు అద్దంలాగా మెరుస్తూ ఉంటాయి. అంతలో ఎండ కాస్తుంది. అన్ని నీళ్లలో నిలబడిన మొక్క, పదిహేను రోజులుగా తడి ఎరగని మొక్కలాగా తల వాల్చేస్తుంది. ఆకు మెత్తబడుతుంది, కొనలు వేలాడుతాయి, చూస్తూ ఉండగానే చేనంతా వాడు మొహం పెడుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అట్లాంటి చేను గట్టున నిలబడి ఉండగా ఒక పెద్దాయన నన్ను అడిగాడు: "సారూ, కాళ్ల కింద ఇన్ని నీళ్లు పెట్టుకొని దూపతోటి చస్తదేంది ఈ చెట్టు?"

నాకు జవాబు తెలియలేదు. తెలియదని చెప్పటానికి నోరు రాలేదు. ఇది వేరుకుళ్లు తెగులని చెప్పి, మొక్కల మొదళ్లలో మందు నీళ్లు పోయమన్నాను. అంటే గాలి ఆడక అల్లాడుతున్న వేళ్ల మీద ఇంకా నీళ్లు పోయించానన్నమాట. ఆయన నా మాట మీద గురితో రెండు రోజులు కూలీలను పెట్టి పోయించాడు. పక్క చేను రైతు నన్నేమీ అడగలేదు. పార భుజాన వేసుకొని పల్లం వైపు కాలువ తీశాడు. ఆయన చేను చాలావరకు తేరుకుంది. పెద్దాయనది మూడోవంతు పోయింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివిన సంగతులనే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. జవాబు ఒక్క మనిషి కనిపెట్టినది కాదు, ఒక్క దేశంలో దొరికినదీ కాదు. అందులో ఒక చర్చి గురువు ఉన్నాడు, పంది మూత్రాశయం ఉంది, మట్టి కుండ ఉంది, కప్ప గుడ్లున్నాయి. మనుషుల రక్తం కూడా ఉంది. కాస్త ఓపిక పట్టి వినండి.

1727లో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతగురువు ఒక పుస్తకం అచ్చు వేయించాడు. టెడ్డింగ్టన్ అనే ఊళ్లో చర్చి పని చూసుకుంటూ, మిగిలిన పొద్దంతా ఆయన మొక్కలను తూకం వేస్తుండేవాడు. మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను కుండీలో పెంచి, మట్టిలోని తడి పైకి ఎగిరిపోకుండా కుండీ మూతికి సీసపు రేకు బిగించి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచాడు. పగటి పన్నెండు గంటల్లో ఆ ఒక్క మొక్క సగటున 20 ఔన్సుల నీటిని, అంటే మన లెక్కన అర కిలోకు పైగానే, ఆకుల గుండా గాలిలోకి వదిలింది. మొక్క నీళ్లు తాగుతుందని హేల్సుకు ముందు కూడా అందరికీ తెలుసు. ఎంత తాగుతుందో తక్కెడలో పెట్టి చూపించినవాడు ఆయన.

అన్ని నీళ్లు లోపలికి పోయే దారి ఏది? మొక్క శరీరమంతా కంటికి కనిపించని చిన్న చిన్న గదులతో కట్టినది. వాటినే కణాలంటాము. ప్రతి కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. వేరుకు నోరు లేదు, గొట్టం కొస లేదు. నేలలోని నీటి చుక్క మొక్కలోకి పోవాలంటే ఎక్కడో ఒకచోట ఆ పొరను దాటవలసిందే. ఎట్లా దాటుతుంది? హేల్స్ తూకం ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

1748లో ఫ్రాన్సు దేశంలో జాఁ ఆంత్వాన్ నొల్లే అనే మరొక మతగురువు వేరే పని మీద ఒక సీసా నిండా సారా పోసి, మూతికి పంది మూత్రాశయం బిగించి కట్టి, గాలి తగలకుండా ఉండటానికి దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి పెట్టాడు. కొన్ని గంటల తరువాత చూస్తే మూతికి కట్టిన పొర ఉబ్బి బుడ్డలాగా లేచి ఉంది. సూదితో పొడిస్తే లోపలి ద్రవం పైకి చిమ్మింది. బయటి నీరు పొరను దాటి సారాలోకి చొరబడిందని ఆయన గ్రహించాడు. దాని వెంట పడలేదు. సుమారు 80 సంవత్సరాల తరువాత, 1826లో, ఫ్రాన్సుకే చెందిన డ్యూట్రొషే అనే వైద్యుడు కోడి పేగు ముక్కలలో చిక్కని ద్రవాలు నింపి, రెండు కొసలూ కట్టి, నీళ్లలో వేసి అదే సంగతిని పట్టుకున్నాడు. చెట్టులో రసం ఎక్కటానికీ, వేరు నీరు తాగటానికీ మూలం ఇక్కడే ఉందని వాదించాడు. పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు పొర గుండా నీరు పోవటాన్నే నేడు మన పాఠ్యపుస్తకాలలో ద్రవాభిసరణ అంటున్నారు.

ఈ సంగతి మన ఆడవాళ్లకు డ్యూట్రొషే చెప్పవలసిన పని లేదు. మాగాయ పెట్టే తల్లులకు తెలుసు: మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేస్తే మూడో నాటికి జాడీ అడుగున ఊట దిగుతుంది. ఆ ఊట ఎవరూ పోసినది కాదు, ముక్కల కణాలలోని నీరే. బయట ఉప్పు ఎక్కువైంది గనుక నీరు అటు నడిచింది. ఎండు ద్రాక్షను మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుందే, అది దీనికి తిరగేసిన లెక్క. యూరియా గుప్పెడు మొక్క మొదట్లో ఒక్కచోటే పడితే ఆ మొక్క మాడిపోతుంది. చౌడు నేలలో తడి ఉన్నా పైరు ఎదగదు. ఇవన్నీ ఈ మాగాయ జాడీ లెక్కలోనివే.

ఇక లెక్క కట్టటం మిగిలింది. 1877లో జర్మనీ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఫెఫర్ ఆ పని చేశాడు. ఆయన సాధనం సన్నని రంధ్రాలున్న మట్టి కుండ. మన నీళ్ల కుండ చెమర్చినట్టే అదీ చెమరుస్తుంది. ఆ రంధ్రాలలో మైలుతుత్తంతో పుట్టించిన ఒక రసాయన పొరను నిలబెట్టి, నీటిని పోనిచ్చి చక్కెరను పోనివ్వని గోడగా చేశాడు. లోపల నూటికి ఒక పాలు చక్కెర కలిపిన నీళ్లు పోసి, బయట మంచినీళ్లు ఉంచితే, లోపలి వత్తిడి పాదరసాన్ని 53 సెంటీమీటర్లకు పైగా ఎత్తింది. టీ గ్లాసులో వేసే చక్కెర కంటే తక్కువ తీపికే అంత బలం! ఈ అంకెలను హాలెండు వృక్షశాస్త్రజ్ఞుడు డివ్రీస్ తన దేశస్థుడైన వాంట్ హాఫ్‌కు చెప్పాడు. వాంట్ హాఫ్ వాటి నుంచి ఒక సూత్రం తీశాడు. 1901లో రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమానం అందుకున్నవాడు ఆయనే. మట్టి కుండ అంత దూరం పోయింది.

ఇంతటితో నీరు ఎటు పోతుందో, ఎంత బలంతో పోతుందో తెలిసింది. ఎందులో నుంచి పోతుందో మాత్రం తెలియలేదు. పైగా ఇక్కడే పెద్ద చిక్కు వచ్చి పడింది.

1890ల చివర ఓవర్టన్ అనే శాస్త్రజ్ఞుడు మొక్కల కణాల మీద వందల రకాల పదార్థాలు ప్రయోగించి చూశాడు. నూనెలో కరిగేవన్నీ కణంలోకి సులువుగా పోతున్నాయి, నీటిలో మాత్రమే కరిగేవి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. కనుక కణపు పొర నూనె జాతిదని తేల్చాడు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఆ నూనె రెండు వరసలుగా పేర్చి ఉంటుందని చెప్పారు. మంచి మాటే. కాని నూనెకూ నీటికీ పడదు కదా! నూనె గోడ గుండా పొద్దుతిరుగుడు మొక్క రోజుకు అర కిలో నీళ్లు ఎట్లా తాగుతున్నది?

పండితులు రెండు పక్షాలయ్యారు. నీటి అణువు చాలా చిన్నది గనుక నూనె సందుల్లో నుంచి ఎట్లాగో జారిపోతుందని ఒక పక్షం. ఇది పూర్తిగా అబద్ధం కాదు, కొంత నీరు అట్లా పోతూనే ఉంటుంది. అంత వేగం అట్లా రాదు, ఎక్కడో ప్రత్యేకమైన దారులు ఉండి తీరాలని రెండో పక్షం. ఈ తగాదా చాలా ఏళ్లు నడిచింది. మొదటి పక్షానికే బలం ఎక్కువ. ఎందుకంటే దారిని కళ్లతో చూసినవాడు లేడు.

రెండో పక్షానికి సాక్ష్యం మనుషుల రక్తం నుంచి వచ్చింది. ఎర్ర రక్తకణాన్ని మంచినీళ్లలో వేస్తే గబగబా నీరు తాగి పగిలిపోతుంది. 1957లో అమెరికాలో సైడెల్, సాలమన్ అనేవారు ఈ వేగాన్ని కొలిచారు. ఉప్పు తేడాతో గుంపుగా తోసుకుపోయే నీరు, మామూలుగా ఒక్కొక్క అణువే అటూ ఇటూ తిరిగే లెక్క కంటే ఎక్కువ వేగంతో పోతున్నది. నూనెలో కరిగి దాటేటట్లయితే రెండు లెక్కలూ ఒకటి కావాలి. ఎక్కువైందంటే సన్నని రంధ్రం ఉండాలి. 1970లో కాలిఫోర్నియాలో మేసీ, ఫార్మర్ అనే ఇద్దరు అదే రక్తకణాలకు పాదరసం కలిసిన మందు పట్టించారు. నీటి వేగం పడిపోయింది. ఆ పాదరసాన్ని విడిపించే మందు వేస్తే వేగం తిరిగి వచ్చింది. పాదరసం నూనెను పట్టుకోదు. గంధకం ఉన్న మాంసకృత్తులను, అంటే ప్రొటీన్లను పట్టుకుంటుంది. కాబట్టి ఆ దారి ఒక మాంసకృత్తుతో చేసినదై ఉండాలి. తలుపు కనిపించలేదు గాని తలుపుకు తాళం వేసి తీయగలిగారన్నమాట.

ఆ మాంసకృత్తు ఏది? 1986లో రుమేనియా దేశంలో క్లుజ్ నగరంలో గెయోర్గె బెంగా అనే ఆచార్యుడు, ఆయన సహచరులు రేడియో ధార్మిక పాదరసపు మందుతో రక్తకణాలకు గుర్తు పెట్టి, ఫలానా బరువుల మాంసకృత్తులలోనే నీటి దారి ఉండాలని అచ్చువేశారు. దాన్ని విడదీసి, ఒంటరిగా నిలబెట్టి పని చేయించి చూపించటం మాత్రం వారి వల్ల కాలేదు. తరువాత బహుమానం వేరొకరికి పోయినప్పుడు, బెంగాకు అన్యాయం జరిగిందని పలువురు శాస్త్రజ్ఞులు అన్నారు. నా మట్టుకు నాకు తోచేది చెబుతాను. పంట పండించినది ఎవరని అడిగితే కోత కోసినవాడి పేరు ఒక్కటే చెప్పటం న్యాయం కాదు. అట్లాగని కోత కోయకుండా ధాన్యం ఇంటికి రాదు.

కోత కోసినవాడు పీటర్ ఆగ్రే. అమెరికాలో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రక్త వైద్యుడు. ఆయన నీటి కోసం వెతకనే లేదు. ఆసుపత్రి చీటీ మీద మన రక్తం గుంపు పక్కన ఆర్.హెచ్. పాజిటివ్ అనో నెగటివ్ అనో రాస్తారు చూడండి, ఆ ఆర్.హెచ్. పదార్థాన్ని రక్తకణం నుంచి శుద్ధి చేయటం ఆయన పని. శుద్ధి చేస్తుంటే దానితోపాటు మరొక చిన్న మాంసకృత్తు పదే పదే వస్తున్నది. మొదట దాన్ని ఆర్.హెచ్.లో విరిగిన ముక్క అనుకున్నారు. మామూలుగా వేసే రంగు దానికి సరిగా అంటదు గనుక అంతకు ముందు ఎవరి కంటా పడలేదు. లెక్కపెడితే ఒక్కొక్క రక్తకణంలో సుమారు రెండు లక్షలు ఉన్నాయి! మూత్రపిండాలలోనూ విస్తారంగా ఉంది. 1988లో ఆ సంగతి ప్రకటించారు. కాని అది ఏమి పని చేస్తుందో తెలియదు. రెండు లక్షల మంది కూలీలున్నారు, వారు చేసే పని ఏమిటో మేస్త్రీకి తెలియదు. అట్లా ఉంది వ్యవహారం.

అప్పుడు ఆగ్రే కుటుంబంతో విహారయాత్రకు వెళ్లి వస్తూ దారిలో తన పాత గురువు, జాన్ పార్కర్ అనే రక్త వైద్యుణ్ణి కలిశాడు. ఈ సంగతి చెబితే పార్కర్, రక్తకణాలు, మూత్రపిండాలు రెండూ నీటిని విపరీతంగా పోనిచ్చేవే కదా, చాలాకాలంగా అందరూ వెతుకుతున్న నీటి దారి ఇదే కాకూడదా అన్నాడు. పెద్దవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడితే ఒక్కోసారి నాలుగేళ్ల పని తగ్గుతుంది.

పరీక్షకు కప్ప గుడ్లు తెచ్చారు. ఎందుకంటే కప్ప మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు లోపల ఉప్పులున్నాయి, బయట మంచినీళ్లున్నాయి. మాగాయ లెక్క ప్రకారం నీరు లోపలికి జొరబడి గుడ్డు పగలాలి. పగలదు. అంటే దాని పొరలో నీటి దారులు లేవనట్టే. 1992లో ఆగ్రే, ప్రెస్టన్, కారల్, గుగ్గినో కలిసి కొన్ని గుడ్లలోకి ఆ మాంసకృత్తును తయారుచేసే ఆదేశాన్ని, ఆర్.ఎన్.ఏ.ను, సన్నని సూదితో ఎక్కించారు. రెండు మూడు రోజులు ఆగి, ఎక్కించిన గుడ్లనూ ఎక్కించని గుడ్లనూ పలుచని నీళ్లలో వేశారు. ఎక్కించనివి ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. ఎక్కించినవి ఉబ్బి ఉబ్బి నిమిషాల్లో పగిలిపోయాయి. పాదరసం వేస్తే ఉబ్బటం తగ్గింది. దానితో వాదం ముగిసింది. ఆ మాంసకృత్తుకు అక్వాపోరిన్ అని పేరు పెట్టారు. నీటి రంధ్రం అని దాని అర్థం. మనం నీటి తలుపు అనుకుందాము. 2003లో ఆగ్రేకు నోబెల్ బహుమానం వచ్చింది. లవణాల దారులను చూపించిన మెకినన్ అనే మరో శాస్త్రజ్ఞుడు సగం పంచుకున్నాడు.

ఆ తలుపు నిర్మాణాన్ని 2000లో చూడగలిగారు. చాలా ఇరుకైన దారి. నీటి అణువులు ఒకదాని వెనుక ఒకటి, సంతలో టిక్కెట్టు గేటు దాటినట్టు, వరసగానే పోవాలి. అట్లా పోతూ కూడా ఒక్కొక్క తలుపు గుండా సెకనుకు సుమారు 300 కోట్ల అణువులు దాటుతాయి. ఇంకొక చిత్రం. నీరు పోతుంది గాని పులుపుకు మూలమైన హైడ్రోజన్ అయాన్ పోదు. అది పోతే కణం బతకలేదు. అంత వేగంలోనూ ఎవరిని రానివ్వాలో ఎవరిని రానివ్వకూడదో ఆ తలుపుకు తెలుసు.

ఇక మన పైర్ల దగ్గరికి వద్దాము. అమెరికాలో సాన్ డియేగోలో క్రిస్పీల్స్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో మొక్క కణాల నడుమ ఉండే నీటి సంచి పొరలో ఒక మాంసకృత్తును ముందే గుర్తించి ఉన్నారు. దాని పని ఏమిటో వారికీ తెలియదు. ఆగ్రే ప్రయోగం వినగానే, 1993లో క్రిస్టోఫ్ మోరెల్ అక్కడే దాని ఆదేశాన్ని కప్ప గుడ్డుకు ఎక్కించి చూశాడు. ఆ గుడ్డు కూడా ఉబ్బింది. ఆ మొక్క పేరు అరబిడాప్సిస్. ఆవాల కుటుంబంలోని ఒక చిన్న కలుపు మొక్క, దాని వల్ల ఎవరికీ గింజ రాదు గాని శాస్త్రజ్ఞులకు మహా ఇష్టం. మనిషిలో ఇట్లాంటి తలుపులు 13 రకాలు. ఈ చిన్న కలుపు మొక్కలో 35 రకాలు, వరిలో 33 రకాలు తేలాయి. నాకైతే ఇందులో వింత కనిపించదు. మనం దాహమైతే చెరువు దగ్గరికి నడిచిపోతాము. మొక్క నాటినచోటే నిలబడి నెగ్గుకురావాలి.

ఇక్కడొక సందేహం రావచ్చు. నీరు కణాల లోపలికి పోకుండా, ఇటుకల మధ్య సున్నంలోంచి చెమ్మ పాకినట్టు కణాల సందుల్లోంచే పైకి పోవచ్చు కదా? కొంత దూరం అట్లాగే పోతుంది. అయితే వేరు లోపలి భాగంలో ఒక వరస కణాల చుట్టూ నీరు పట్టని పట్టీ ఉంటుంది. దాన్ని గుర్తించిన కాస్పరీ పేరనే దాన్ని పిలుస్తారు. అక్కడికి వచ్చేసరికి సందులు మూసుకుపోతాయి. నీరు కణపు పొరను దాటక తప్పదు. ఊరి పొలిమేరలు ఎన్ని దారుల్లో దాటినా కోటలోకి పోవటానికి తలుపులే గతి అన్నట్టు. 1995లో టమాటా వేళ్లకు పాదరసపు మందు పట్టించి చూస్తే, వేరు లాగే నీరు సగానికి పైగా తగ్గింది.

తలుపు అన్న తరువాత తెరవటం, మూయటం ఉండాలి కదా. పెద్దాయన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

2003లో, ఆగ్రేకు బహుమానం వచ్చిన ఏడే, ఫ్రాన్సులో మోంపెలియే నగరంలో మోరెల్ బృందం, తూర్నేర్ రూ అనే శాస్త్రజ్ఞురాలు ముందుండి, ఒక సంగతి వెల్లడించారు. వేరుకు ప్రాణవాయువు అందకుండా చేశారు. నిండా మునిగిన చేలో జరిగేది కూడా ఇదే. మట్టి రేణువుల మధ్య గాలి ఉండవలసిన చోటంతా నీరు నిండుతుంది, నీటి గుండా గాలి వేరును చేరటం చాలా నిదానం. గాలి లేని కణం ఊపిరి మానేసి, మూత పెట్టిన పిండి పులిసినట్టు లోపలే పులుస్తుంది. కణంలో పులుపు పెరుగుతుంది. ఆ పులుపు నీటి తలుపుకు తగులుతుంది. తలుపు మాంసకృత్తు ఒక పొడుగాటి గొలుసు. అందులో 197వ పూస హిస్టిడిన్ అనే పదార్థం. పులుపు ఆ పూసను పట్టుకోగానే తలుపు మూసుకుపోతుంది. వేరు పొడుగునా ఉన్న తలుపులన్నీ దాదాపు ఒక్కసారిగా మూతపడతాయి. 2006లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పాలకూరకు చెందిన ఇట్లాంటి తలుపును తెరిచి ఉన్నప్పుడూ మూసి ఉన్నప్పుడూ చూపించారు. లోపలి వైపున్న ఒక మడత జరిగివచ్చి, గడియ వేసినట్టు దారికి అడ్డం పడుతుంది.

పైన ఆకులకు ఈ సంగతి తెలియదు. ఎండ కాసింది, ఆకు నీటిని గాలిలోకి వదులుతూనే ఉంది. కింద తలుపులు మూసి ఉన్నాయి. ఖర్చు ఉంది, రాబడి లేదు. అందుకనే ముసురులో పచ్చగా నిలబడిన మిరప, ఎండ రాగానే తల వాల్చింది. కాళ్ల కింద నీళ్లున్న మాట నిజం. ఆ నీళ్లే గాలిని తరిమేశాయి, గాలి లేక వేరు తలుపులు వేసుకుంది. పెద్దాయన అడిగింది అక్షరాలా సరైన ప్రశ్న. మొక్క నిజంగా దూపతోనే చస్తున్నది.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. మునిగిన చేలో జరిగేది ఇదొక్కటే కాదు. తలుపులు మూతపడటం మొదటి గంటల సంగతి. రోజులు గడిస్తే వేళ్లు నిజంగానే చస్తాయి, చచ్చిన వేళ్ల మీద కుళ్లు తెగుళ్లు వచ్చి పడతాయి. నేను చెప్పిన వేరుకుళ్లు పూర్తిగా లేనిది కాదు, కాని నేను దానికి ముందు వెనకలు తప్పాను. ముందు గాలి, తరువాత మందు. చేలో నీరు నిలిచినప్పుడు గడియారం చూసుకోవాలి. మూసిన తలుపు గాలి తగిలితే తెరుచుకుంటుంది. చచ్చిన వేరు తిరిగి రాదు. కనుక వాన వెలియగానే, వీలైతే వెలియక ముందే, పల్లం వైపు కాలువలు తీసి నీటిని వదలాలి. వేరు మూసుకొని ఉన్నప్పుడు నేలలో యూరియా వేస్తే మొక్కకు అందేది తక్కువ, నీటితో కొట్టుకుపోయేది ఎక్కువ. నీరు తీసిన తరువాత మొక్కకు బలం కావాలనుకుంటే ఆకుల మీద పొటాషియం నైట్రేటు లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున పిచికారీ చేయమని చెప్పేది అందుకే. నేల అదనుకు రాగానే గుంటక తోలితే పైన కట్టిన పెచ్చు పగిలి గాలి లోపలికి దిగుతుంది.

మరి వరి సంగతేమిటని అడుగుతారు. వరి నీళ్లలోనే పుట్టి నీళ్లలోనే పెరుగుతుంది, దానికి ఈ బాధ లేదా అని. వరి కాడ లోపల, వేరు లోపల గాలి గొట్టాలున్నాయి. ఆకు పీల్చిన గాలిని తన వేరుకు తానే పంపుకుంటుంది. దాని వేరు నీళ్లలో ఉన్నా గాలి లేకుండా లేదు. మిరపకు, కందికి, మొక్కజొన్నకు అంత ఏర్పాటు లేదు. వరిలో ఈ తలుపుల జాతికి చెందినదే మరొకటి నీటికి బదులు ఇసుక సారాన్ని, అంటే సిలికాను, వేరులోకి తెస్తుందని 2006లో జపానులో కనిపెట్టారు. ఊక అంత గరుకుగా ఉండటం, ఊక బూడిదతో గిన్నెలు తోమితే తళతళలాడటం ఈ తలుపు పుణ్యమే. అయితే అదే తలుపు గుండా నేలలో ఆర్సెనిక్ విషం ఉంటే అదీ లోపలికి వస్తుందని 2008లో తేలింది. ఏ తలుపైనా తనకు తెలిసిన కొలతను చూస్తుంది గాని మనిషి మంచిచెడ్డలు చూడదు కదా.

ఇదంతా చదివిన తరువాత నేను ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చొని, కప్ప గుడ్ల దగ్గర నుంచి పులుపు దాకా చెప్పి, ఆనాడు మందు నీళ్లు పోయించటం నా తప్పేనని కూడా చెప్పాను. ఆయన చుట్ట ఆర్పి, "నువ్వు చెప్పకున్నా నాకు ఆ ఏడే ఎరుకైంది సారూ, పక్క చేను చూసినంక" అన్నాడు. తరువాత కాసేపాగి, "అయితే ఎన్ని గంటలు ఆగుతది వేరు?" అని అడిగాడు.

పైరును బట్టి, నేలను బట్టి, ఎండను బట్టి మారుతుందని చెప్పాను. అప్పుడు ఆయన ఎడ్ల కొట్టం వెనక్కి తీసుకుపోయి చూపించాడు. ఆ ఏడు మిరప నారు బోదెల మీద నాటటానికి బోదె నాగలి అద్దెకు తెచ్చి పెట్టుకున్నాడు. చేను ఈశాన్యం మూల నుంచి వాగు దాకా కాలువ అప్పటికే తీయించి ఉంది. తొలకరి ఇంకా పడలేదు.